డిస్నీ వరల్డ్ ట్రిప్‌కి ఏ లెన్సులు పట్టుకెళ్లాలి?

అమెరికాలో ఉండే తెలుగు కుటుంబాలకు ఓర్లాండోలోని డిస్నీ వరల్డ్ ట్రిప్ దాదాపు ఖాయం. పిల్లలు అడుగుతూనే ఉంటారు, ఇండియా నుంచి అమ్మానాన్నలో అత్తమామలో వచ్చి ఉంటారు, స్ప్రింగ్ బ్రేకో థాంక్స్‌గివింగ్ వారమో కలిసొస్తుంది. టికెట్లు, హోటలు, ఏ రోజు ఏ పార్కు అనేవన్నీ నెలల ముందే తేల్చుకుంటాం. కెమెరా సంగతి మాత్రం సూట్‌కేసులు సర్దే రాత్రి గుర్తొస్తుంది. ఎందుకైనా మంచిదని ఉన్న లెన్సులన్నీ బ్యాగులో పెట్టేస్తాం. రెండు రోజులు మోసేసరికి భుజం పీకుతుంది, మూడో రోజు బ్యాగు హోటల్ గదిలోనే ఉండిపోతుంది.

నా మాట ముందే చెప్పేస్తాను. పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లే కుటుంబానికి రెండు లెన్సులు చాలు: పగటికి ఒక మామూలు జూమ్, చీకటికి ఒక చిన్న ప్రైమ్ (జూమ్ లేని, ఒకే దూరానికి చేసిన లెన్సు). దూరం లాగే పెద్ద లెన్సు, జంతువులుండే యానిమల్ కింగ్‌డమ్ పార్కుకి వెళ్లే ఒక్క రోజే పనికొస్తుంది, దాన్ని కొనకుండా అద్దెకు తెచ్చుకోవచ్చు. థీమ్ పార్కులో మీరు తీసేవి ఎక్కువగా మనుషుల ఫోటోలు, అదీ నాలుగడుగుల దూరంలో. రోజులో చాలాసేపు ఏదో ఒక కప్పు కిందో, రాత్రి దీపాల కిందో ఉంటారు. అందుకే లెన్సు ఎంత దూరం లాగుతుందన్న దానికంటే ఎంత వెలుతురు పట్టుకుంటుందన్నదే ఇక్కడ ముఖ్యం. కింద చెప్పేదంతా ఈ లెక్క మీదే నడుస్తుంది.

1. ముందు మీ పాత ఫోటోలు తిరగేయండి

కొత్త లెన్సు కోసం వెతికే ముందు, పోయినసారి ఇంటిల్లిపాదీ ఎక్కడికైనా వెళ్లినప్పుడు తీసిన ఫోటోలు తెరవండి. అన్నీ చూడక్కర్లేదు. ఊరికి వాట్సాప్‌లో పంపినవి, ప్రింటు తీయించుకున్నవి, ఫోన్ వాల్‌పేపర్‌గా పెట్టుకున్నవి చాలు. ప్రతి ఫోటో ఫైల్లోనూ అది ఏ ఫోకల్ లెంగ్త్‌లో (లెన్సు ఎంత దగ్గరికి లాగుతుందో ఎం.ఎం.లలో చెప్పే అంకె) తీసిందో నమోదై ఉంటుంది. విండోస్‌లో ఫైలు మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ చూడండి. మ్యాక్‌లో అయితే ప్రివ్యూ యాప్‌లో ఇన్‌స్పెక్టర్ తెరవండి. లైట్‌రూమ్ వాడేవాళ్లకు ఫోకల్ లెంగ్త్ వారీగా వడకట్టుకునే వీలుంది.

కెమెరాతో పాటే వచ్చే కిట్ లెన్సు 18–55 వాడుతుంటే, మీ ఫోటోలు ఏ చివర పోగుపడ్డాయో చూడండి. 18 దగ్గర ఎక్కువ ఉంటే మీకు ఇంకాస్త వెడల్పు కావాలి. 55 దగ్గర ఉంటే ఇంకాస్త దగ్గరికి లాగాలి. మధ్యలోనే ఉన్నాయా, ఉన్న జూమ్ మీకు సరిపోతోంది. ఇక డబ్బులు చీకటి లెన్సు మీదే పెట్టండి.

ఒక లెక్క ఇక్కడే సరిచూసుకోవాలి. కెమెరా లోపల బొమ్మను పట్టే సెన్సర్ చిన్నదైన కొద్దీ అదే లెన్సు ఇంకా దగ్గరికి లాగినట్టు కనిపిస్తుంది. నికాన్, సోనీ, ఫూజీ కంపెనీల ఏపీఎస్-సీ (చిన్న సెన్సర్) కెమెరాల్లో లెన్సు మీద ఉన్న అంకెను 1.5తో, కెనాన్‌లో 1.6తో గుణించాలి. అంటే మీ కిట్ లెన్సులోని 18 నిజానికి ఫుల్ ఫ్రేమ్‌లో (పెద్ద సెన్సర్ కెమెరాలో) 27–29తో సమానం. ఇంకా చిన్న సెన్సరైన మైక్రో ఫోర్ థర్డ్స్ అయితే రెండుతో గుణించండి. దూరాలూ వెడల్పులూ చెప్పేటప్పుడు నేను వాడే అంకెలన్నీ ఫుల్ ఫ్రేమ్ లెక్కలోవి. ఫలానా లెన్సు అని పేరు పెట్టి చెప్పినప్పుడు మాత్రం దాని మీద రాసి ఉన్న అంకే చెబుతాను.

2. పది అడుగుల లెక్క

డిస్నీ వరల్డ్ పార్కుల్లో ఒకటైన మ్యాజిక్ కింగ్‌డమ్‌లో ప్రిన్సెస్ ఫెయిరీటేల్ హాల్ అని ఒకటుంది. చాలాసేపు క్యూలో నిలబడి లోపలికి వెళ్తే ఒక గది, అందులో సిండ్రెల్లా, ఆమె గౌను పట్టుకుని మీ అమ్మాయి. వెనకాల ఇంకో కుటుంబం సిద్ధంగా ఉంటుంది. మీరు వెనక్కి జరగడానికి దొరికేది పది అడుగులు అనుకోండి. అమ్మమ్మను, తాతయ్యను, చిన్నవాణ్ణి కూడా రమ్మంటే సిండ్రెల్లాతో కలిపి ఐదుగురు అవుతారు. పక్కపక్కన నిలబడితే తొమ్మిది, పది అడుగుల వెడల్పు.

పది అడుగుల దూరంలో 24 ఎం.ఎం. లెన్సుకి అడ్డంగా 15 అడుగులు పడుతుంది. 35కి పది అడుగుల పైచిలుకు. 50కి ఏడు. 85కి నాలుగే. అంటే 50 ఎం.ఎం. ప్రైమ్ ఒక్కటే పట్టుకుని ఆ గదిలోకి వెళ్తే తాతయ్య భుజం తెగిపోతుంది. 35తో ఒకరికొకరు ఆనుకుని నిలబడితే సరిగ్గా పడతారు. 24–28 అయితే చుట్టూ కాస్త చోటు మిగులుతుంది, తర్వాత కత్తిరించుకోవచ్చు. మీ పాపా సిండ్రెల్లా ఇద్దరే అనుకుంటే 50–70 హాయిగా సరిపోతుంది. ఒకే నిమిషంలో ఇవన్నీ కావాలి, మధ్యలో లెన్సు మార్చే సమయం ఉండదు. జూమ్ తప్పనిసరి అనేది ఇందుకే.

ఈ లెక్కను ఇంట్లో హాల్లోనే చేసి చూడొచ్చు. టేపుతో పది అడుగులు కొలిచి, ఇంట్లోవాళ్లను సోఫా ముందు నిలబెట్టి, జూమ్ తిప్పుతూ ఏ అంకె దగ్గర అందరూ పడుతున్నారో చూడండి. ఆ అంకె గుర్తుపెట్టుకుంటే పార్కులో తడుముకోవాల్సిన పని ఉండదు.

ఇక అందరికీ కావాల్సిన కోట ఫోటో. సిండ్రెల్లా కోట ఎత్తు 189 అడుగులు. కోట ముందున్న గుండ్రటి ఆవరణలో నిలబడి 24 ఎం.ఎం.ని నిలువుగా పట్టుకుంటే కోట మొత్తం వచ్చేస్తుంది, దానికి ప్రత్యేకంగా వైడ్ లెన్సు అక్కర్లేదు. కానీ ఆ ఫోటోలో ఒక ఇబ్బంది ఉంది. పిల్లలు ముందు పెద్దగా కనిపిస్తారు, కోట వెనకాల ఎక్కడో బొమ్మలా చిన్నదైపోతుంది. కోట కూడా నిండుగా కనిపించాలంటే కోటకు ఎదురుగా ఉన్న మెయిన్ స్ట్రీట్ వీధి మధ్యదాకా వెనక్కి రండి. పిల్లల్ని నిలబెట్టి, మీరు వాళ్లకు ఇరవై, ఇరవై ఐదు అడుగుల దూరంలోకి వెళ్లి 85 దగ్గర తీయండి. పిల్లలు అదే పరిమాణంలో ఉంటారు, కోట మాత్రం వాళ్ల వెనకే లేచి నిలబడినట్టు కనిపిస్తుంది. మీకూ వాళ్లకూ మధ్య జనం నడవకుండా ఉండాలి కాబట్టి ఇది పార్కు తెరిచిన మొదటి అరగంటలోనే కుదిరే పని. అప్పుడు కుదరకపోతే రాత్రి బాగా ఆలస్యంగా, జనం పలచబడ్డాక చూడండి.

3. పగటి జూమ్ ఎంచుకోవడం

పై లెక్క ప్రకారం మీకు కావాల్సింది 24 లేదా 28 నుంచి 80–105 వరకు వెళ్లే జూమ్. కిట్ లెన్సు 18–55 ఈ పరిధిలోదే. పగటిపూట ఎండలో దానికీ ఖరీదైన లెన్సుకీ తేడాను మీ ఇంట్లోవాళ్లు గుర్తుపట్టరు. కొత్తది కొనాలన్న ఉద్దేశం లేకపోతే దాన్నే తీసుకెళ్లండి, ఏ సంకోచం అవసరం లేదు.

కొనాలనుకుంటే, ఏపీఎస్-సీ కెమెరాకి నేను మొదట చెప్పేది సిగ్మా 18–50 ఎఫ్2.8 (ఎఫ్ పక్కన అంకె చిన్నదైన కొద్దీ లోపలికి ఎక్కువ వెలుతురు వస్తుంది). సోనీ కెమెరాలకు చేసిన దాని బరువు 290 గ్రాములు, రోజంతా మెడలో ఉన్నా తెలియదు. టామ్రాన్ 17–70 ఎఫ్2.8 ఇంకాస్త దూరం లాగుతుంది, అయితే బరువు 525 గ్రాములు. ఈ రెండూ జూమ్ అంతటా ఎఫ్2.8 ఇస్తాయి. కిట్ లెన్సు 55 దగ్గర ఎఫ్5.6 మాత్రమే ఇస్తుంది కాబట్టి, ఆ చివర దాంతో పోలిస్తే వీటిలోకి నాలుగు రెట్ల వెలుతురు వస్తుంది.

ఫుల్ ఫ్రేమ్ వాళ్లకు 24–105 ఎఫ్4 గానీ, నికాన్‌లో 24–120 ఎఫ్4 గానీ సరైన ఎంపిక. 24–70 ఎఫ్2.8 కదా అందరూ కొనమనేది అనొచ్చు. గొప్ప లెన్సే, కాదనను. కానీ ఆ తరగతి లెన్సులు చాలావరకు 700–800 గ్రాముల పైమాటే, 70 దగ్గర ఆగిపోతాయి, చీకట్లో ఎఫ్2.8 కూడా కొన్నిచోట్ల చాలదు. ఎఫ్4 జూమ్, దానికి తోడు ఎఫ్1.8 ప్రైమ్ పెట్టుకుంటే రెండు వైపులా మేలు.

ఒక్క లెన్సు కంటే ఎక్కువ మోయలేనంటారా? నెలల పాపాయి, స్ట్రోలర్, డైపర్ బ్యాగు ఉన్న ఇంట్లో అది న్యాయమైన మాటే. ఫుల్ ఫ్రేమ్ సోనీ ఉంటే టామ్రాన్ 28–200 చూడండి, 575 గ్రాముల్లో చాలా దూరం వెళ్తుంది. ఏపీఎస్-సీలో 18–300 తరహా సూపర్‌జూమ్‌లు ఉన్నాయి. పగలు అన్నిటికీ పనికొస్తాయి. రాత్రి అయ్యాక మాత్రం ఫోన్ బయటికి తీయాల్సిందే. అది తెలిసి తీసుకెళ్తే ఇబ్బంది లేదు.

4. చీకటి లెన్సు

ఒక్క లెన్సు కొనడానికే డబ్బులుంటే ఇదే కొనండి.

ఎఫ్ నంబర్ ఎంత చిన్నదైతే లెన్సు అంత పెద్దగా తెరుచుకుంటుంది. ఎఫ్5.6తో పోలిస్తే ఎఫ్1.8 దాదాపు పది రెట్ల వెలుతురు లోపలికి పంపుతుంది. దీని అర్థం ఏంటంటే, ఎఫ్1.8 దగ్గర సెకనులో నూరో వంతులో అయిపోయే ఫోటోకి కిట్ లెన్సులో సెకనులో పదో వంతు పడుతుంది. ఆ పదో వంతు సెకనులో ఐదేళ్ల పిల్లాడు తల తిప్పేస్తాడు. ఇంట్లో మీరు తీసిన రాత్రి ఫోటోల్లో మొహాలు అలుక్కుపోయి ఉంటే కారణం చాలాసార్లు ఇదే. కెమెరా పాతదని కొత్త బాడీ కొనడం దీనికి మందు కాదు.

ఎన్ని ఎం.ఎం. తీసుకోవాలి? చాలామంది ఇళ్లలో 50 ఎం.ఎం. ఎఫ్1.8 ముందే ఉంటుంది. తేలిక, చవక, బొమ్మ బాగా వస్తుంది. ఫుల్ ఫ్రేమ్ అయితే దాంతో నెట్టుకురావచ్చు. కానీ ఏపీఎస్-సీ కెమెరా మీద అది 75–80 అయిపోతుంది. రెస్టారెంట్లో టేబుల్‌కి అటు కూర్చున్న పిల్లల్ని తీయబోతే ఒక చెంప, ఒక చెవి పడతాయి. బోటు రైడులో పక్కన కూర్చున్నవాళ్లు అసలు పట్టరు. అందుకని ఏపీఎస్-సీకి లెన్సు మీద అంకె 23 నుంచి 35 మధ్య ఉన్నది తీసుకోండి: నికాన్ డీఎస్‌ఎల్‌ఆర్‌కి 35 ఎఫ్1.8 డీఎక్స్, నికాన్ జెడ్ శ్రేణికి 24 ఎఫ్1.7, సోనీకి సిగ్మా 30 ఎఫ్1.4, ఫూజీకి 23 ఎఫ్2. ఫుల్ ఫ్రేమ్‌లో 35 ఎఫ్1.8 నికాన్, కెనాన్, సోనీ మూడింట్లోనూ ఉంది. నికాన్ జెడ్‌లో 40 ఎఫ్2 బరువు 170 గ్రాములే, ప్యాంటు జేబులో పడుతుంది.

ఈ లెన్సు ఎక్కడెక్కడ పనికొస్తుందో చెబితే దాని విలువ తెలుస్తుంది. ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్ రైడులో పడవ నెమ్మదిగా సాగుతుంది, లోపల రంగు దీపాలు బాగానే ఉంటాయి. ఎఫ్1.8, షట్టర్ 1/100 (సెకనులో నూరో వంతు), ఐఎస్‌ఓ 1600–3200 పెట్టి మొదలుపెట్టండి. ఐఎస్‌ఓ అంటే కెమెరా వెలుతురును ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె, అది పెరిగే కొద్దీ ఫోటోలో మచ్చలు పెరుగుతాయి. బొమ్మల్ని కాదు, వాటిని చూస్తున్న మీ పిల్లల మొహాల్ని తీయండి. పీటర్ పాన్స్ ఫ్లైట్, హాంటెడ్ మాన్షన్ ఇంకా చీకటి. అక్కడ ఐఎస్‌ఓ 6400కి వెళ్లాల్సి రావచ్చు, షట్టర్ 1/60కి తగ్గించాల్సి రావచ్చు. కాస్త మచ్చలు పడితే పడనీయండి. వాటిని తగ్గించే సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు చాలా ఉన్నాయి, అలుక్కుపోయిన మొహాన్ని మాత్రం ఏదీ బాగుచేయలేదు.

చీకటి రైడుల్లో ఫ్లాష్ వాడకూడదు. మరో చిన్న విషయం: ఫోకస్ కోసం కెమెరా ముందు వైపు నారింజ రంగులోనో ఆకుపచ్చగానో ఒక దీపం వెలుగుతుంది. మెనూలో ఏఎఫ్ అసిస్ట్ అనే పేరుతో ఉంటుంది, దాన్ని ఆపేయండి. స్క్రీన్ వెలుతురు కూడా తగ్గించండి. వెనక పడవలో కూర్చున్నవాళ్లూ టికెట్ కొనే వచ్చారు.

బాణసంచా గురించి కూడా ఇక్కడే చెప్పాలి. రాత్రి కోట మీద వెలిగే బాణసంచాను తీయాలంటే కెమెరా కదలకూడదు, ఎఫ్8–11, ఐఎస్‌ఓ 100, షట్టర్ రెండు నుంచి నాలుగు సెకన్లు పెట్టి పగటి జూమ్‌తోనే తీయొచ్చు. చిన్న మడత ట్రైపాడ్‌ని ఏదైనా రెయిలింగ్‌కి ఆనిస్తే సరిపోతుంది. కానీ నా సలహా వేరు. ఆ ఫోటో ఇంటర్నెట్‌లో లెక్కలేనన్ని ఉన్నాయి, మీరు తీసేది వాటికంటే బాగుండటం కష్టం. ఆ కాసేపూ చీకటి లెన్సు పెట్టి, కోటకు వీపు పెట్టి నిలబడండి. వాళ్ల నాన్న భుజాల మీద కూర్చున్న పాప మొహం మీద ఎరుపూ నీలమూ మారుతూ ఉంటాయి. ఎఫ్1.8, 1/100, ఐఎస్‌ఓ 3200. ఒక పెద్ద మెరుపు వచ్చినప్పుడల్లా రెండు మూడు ఫోటోలు వరసగా కొట్టండి. ఇరవై తీస్తే ఒకటి కుదురుతుంది. ఆ ఒక్కటి ఇంకెవరి దగ్గరా ఉండదు.

5. సఫారీ రోజు

పెద్ద లెన్సుకి డిస్నీ వరల్డ్‌లో న్యాయం జరిగే చోటు యానిమల్ కింగ్‌డమ్. అక్కడి కిలిమంజారో సఫారీస్‌లో తెరిచిన ట్రక్కు ఎక్కించి దాదాపు 18 నిమిషాలు తిప్పుతారు. జిరాఫీలు ట్రక్కు పక్కకే రావచ్చు, సింహాలు మాత్రం దూరంగా బండల మీద పడుకుని ఉంటాయి. వాటిని మొహం కనిపించేలా తీయాలంటే 300 అయినా కావాలి. ఏపీఎస్-సీలో 55–250, 70–300 లాంటి తేలికపాటి జూమ్‌లు దీనికి సరిగ్గా సరిపోతాయి. ఎఫ్ నంబర్ పెద్దదని బాధపడకండి, పగటి వెలుతురు ఉంటుంది.

ట్రక్కు మీకోసం ఆగదు, దారి గతుకులుగా ఉంటుంది. షట్టర్ 1/500 కంటే తగ్గనివ్వకండి, వీలైతే 1/1000. మోచేతుల్ని ట్రక్కు కడ్డీ మీద ఆనించకండి, ఇంజను అదురు అంతా కెమెరాకి ఎక్కుతుంది. మోచేతులు ఒంటికి ఆనించుకుని పట్టుకోవడం మేలు. పొద్దున్నే మొదటగా సఫారీకే వెళ్లండి, ఎండ ముదిరాక జంతువులు నీడకు చేరతాయి.

అదే పార్కులో ఆసియా విభాగం మన పెద్దవాళ్లకు భలే నచ్చుతుంది. ఆనందపూర్ అనే ఊహాలోకపు ఊరు కట్టారు. పాత రాజమహలు గోడలు, వెలిసిన రంగులు, రంగుగుడ్డల తోరణాలు, పాత సైన్‌బోర్డులు ఉంటాయి. మహారాజా జంగిల్ ట్రెక్‌లో నడుస్తూ పులుల్ని చూడొచ్చు. పులికీ మీకూ మధ్య అద్దం ఉన్నచోట లెన్సు హుడ్‌ని (లెన్సు ముందు తగిలించే తొడుగుని) అద్దానికి ఆనించేయండి, ప్రతిబింబాలు పోతాయి. అక్కడి వెలిసిపోయిన గోడల ముందు అమ్మను చీరలో నిలబెట్టి 70–85 దగ్గర ఒక ఫోటో తీయండి. ఓర్లాండోలో ఆవిడకు అంతగా నప్పే నేపథ్యం ఇంకొకటి నాకు కనిపించలేదు.

ఈ ఒక్క రోజు కోసం పెద్ద లెన్సు కొనడం దండగ. అమెరికాలో లెన్సులు వారానికి అద్దెకిచ్చే కంపెనీలున్నాయి, ఇంటికే పంపుతాయి. బయల్దేరడానికి రెండు మూడు రోజుల ముందే చేతికి వచ్చేలా ఆర్డర్ పెట్టండి, వచ్చాక మీ కెమెరాకి పడుతుందో లేదో, ఫోకస్ సరిగ్గా ఉందో లేదో పరీక్షించండి. ఇన్సూరెన్స్ తీసుకోండి, పిల్లలతో వెళ్తున్నారు. సఫారీ మీ ప్లాన్‌లో లేకపోతే ఈ లెన్సు మాటే మర్చిపోండి. పరేడ్‌కి కావాలేమో అంటారు. మ్యాజిక్ కింగ్‌డమ్ పరేడ్‌లో బండ్లు మీ ముందు నుంచే వెళ్తాయి, అవీ బాగా ఎత్తుగా ఉంటాయి. ముందు వరసలో కూర్చుంటే 300 లెన్సులో మిక్కీ ముక్కు తప్ప ఇంకేమీ పట్టదు.

6. ఇంట్లోనే ఉంచాల్సినవి

70–200 ఎఫ్2.8 ఉంచేయండి, చాలావరకు కిలో పైనే బరువు. అల్ట్రావైడ్ కూడా ఉంచేయండి. ఈ మధ్య ఫోన్లలో చాలావాటికి వైడ్, అల్ట్రావైడ్ రెండూ ఉంటున్నాయి, ఎండలో అవి బాగానే వస్తాయి. పైగా అల్ట్రావైడ్‌లో చివర నిలబడ్డవాళ్లు పక్కకు సాగిపోయి కనిపిస్తారు, అత్తగారిని అక్కడ నిలబెట్టకండి. విడి ఫ్లాష్, పెద్ద ట్రైపాడ్ అనవసరం. డిస్నీ నిబంధనల ప్రకారం మామూలు బ్యాక్‌ప్యాక్‌లో పట్టని, లేదా ఆరడుగులకు మించి సాగే ట్రైపాడ్‌ని లోపలికి రానివ్వరు. సెల్ఫీ స్టిక్‌లు నిషేధం. 24 అంగుళాల పొడవు, 15 వెడల్పు, 18 ఎత్తు దాటిన బ్యాగులూ కుదరవు. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందు వాళ్ల సైట్‌లో ఒకసారి చూసుకోండి.

ప్రత్యేకంగా కెమెరా బ్యాగు కూడా వద్దు. మామూలు బ్యాక్‌ప్యాక్‌లో ఒక మెత్తటి ఇన్సర్ట్ పెట్టుకుంటే నీళ్ల సీసాలు, చిరుతిళ్లు, పిల్లల జత బట్టలు అన్నీ ఒకే దాంట్లో సర్దుకోవచ్చు.

7. బయల్దేరే ముందు పరీక్ష

లెన్సుల్ని విమానం దిగాక మొదటిసారి వాడకండి. దీనికి మనకు మంచి అవకాశం ఊళ్లోనే ఉంది. దీపావళికో ఉగాదికో తెలుగు సంఘం వాళ్లు చేసే ఫంక్షన్‌కి చీకటి లెన్సు పట్టుకెళ్లండి. మసక హాలు, స్టేజీ మీద రంగు దీపాలు, ఆగకుండా గెంతే పిల్లలు: చీకటి రైడుకి, రాత్రి పరేడ్‌కి కావాల్సిన కష్టాలన్నీ అక్కడే ఉంటాయి. మొహాలు అలుక్కుపోతున్నాయా, ఫోకస్ కంటి మీద పడుతోందా, మీ కెమెరాలో ఐఎస్‌ఓ ఎంతవరకు భరించగలరు, ఇవన్నీ అక్కడ తేలిపోతాయి. కంటి మీద ఫోకస్ పట్టే ఐ ఏఎఫ్ మీ కెమెరాలో ఉంటే ఆన్ చేసి పెట్టుకోండి. ఎఫ్1.8 దగ్గర ఫోకస్‌లో ఉండే మందం చాలా తక్కువ, కంటి మీద పట్టాల్సింది చెవి మీద పట్టిందంటే ఫోటో పోయినట్టే. ఇద్దరు పిల్లలు ముందూ వెనకా నిలబడితే ఎఫ్2.8కో ఎఫ్4కో వెళ్లండి.

8. పార్కులో ఒక రోజు

పొద్దున పగటి జూమ్‌తో మొదలుపెట్టండి. చీకటి లెన్సు జేబులోనో బ్యాగులో పై అరలోనో ఉండాలి. లెన్సు మార్చడం క్యూలో, జనం మధ్యలో పెట్టుకోకండి. మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నప్పుడు మార్చండి, కెమెరా ఆఫ్ చేసి, నోరు కిందికి ఉండేలా పట్టుకుని. ఆ తర్వాత ఎండ ఎక్కువగా ఉండే వేళ ఎలాగూ లోపలి రైడులే ఎక్కుతారు. పరేడ్‌కి జూమ్, చీకటి పడ్డాక మళ్లీ ప్రైమ్. రోజుకి మూడు నాలుగుసార్లకు మించి మార్చాల్సిన అవసరం రాకూడదు.

ఫ్లోరిడా ఉక్క గురించి జాగ్రత్త. ఏసీ గదిలోంచి చల్లటి లెన్సు బయటికి తీసుకొస్తే అద్దం మీద ఆవిరి పట్టేస్తుంది. తుడవకండి, లాభం లేదు, మళ్లీ పడుతుంది. గదిలోంచి బయటికి వచ్చేటప్పుడు కెమెరాను బ్యాగులోనే మూసి ఉంచి, పార్కు చేరేదాకా నెమ్మదిగా వేడెక్కనివ్వండి. జూన్ నుంచి సెప్టెంబర్ మధ్య వెళ్తే మధ్యాహ్నం ఉరుములతో వాన మామూలే. రెండు పెద్ద జిప్‌లాక్ కవర్లు బ్యాగులో పడేయండి. నీళ్ల రైడుల దగ్గరా అవే పనికొస్తాయి.

స్ట్రోలర్ పార్కింగ్‌లో వదిలి రైడుకి వెళ్లేటప్పుడు కెమెరాను అందులో ఉంచకండి. స్పేస్ మౌంటెన్ లాంటి వేగమైన రైడులకి రైడర్ స్విచ్ వాడుకోండి. ఎత్తు చాలని పిల్లలతో ఒకరు బయట ఉంటారు, రెండోవాళ్లు వచ్చాక వీళ్లు మళ్లీ పెద్ద క్యూలో నిలబడకుండానే వెళ్లొచ్చు. కెమెరా ఎప్పుడూ బయట ఉన్నవాళ్ల దగ్గరే. లెన్సుకి హుడ్ పెట్టే ఉంచండి. ఐస్‌క్రీమ్ అంటిన చిన్న వేళ్ల నుంచి, ఇనుప కడ్డీల నుంచి అదే కాపాడుతుంది.

కెమెరా పట్టుకున్నవాళ్లు ఫోటోల్లో ఉండరు. ప్రతి ఇంట్లో ఉన్న సమస్యే. పార్కుల్లో డిస్నీ వాళ్ల ఫోటోపాస్ ఫోటోగ్రాఫర్లు ఉంటారు. వాళ్ల ఫోటో తీశాక, మా కెమెరాతో కూడా ఒకటి తీస్తారా అని అడిగితే ఊరికే తీసిపెడతారు. మీరు చేయాల్సింది ఒక్కటే: జూమ్ 35 దగ్గర, ఎఫ్5.6, షట్టర్ 1/250, ఐఎస్‌ఓ ఆటో పెట్టి ఇవ్వండి, ఇక వాళ్లు బటన్ నొక్కితే చాలు. ఇదే సెట్టింగ్‌ను మోడ్ డయల్‌లో సీ1గానో యూ1గానో దాచుకోవచ్చు. అప్పుడు నాన్నగారి చేతికిచ్చినా, పదేళ్ల అబ్బాయి చేతికిచ్చినా మొహాలు స్పష్టంగా వస్తాయి. నిజానికి పదేళ్ల పిల్లలకి ప్రైమ్ లెన్సు ఇచ్చి ఒక గంట వదిలేయండి. వాళ్ల ఎత్తు నుంచి వాళ్లు చూసే పార్కు వేరు, ఆ ఫోటోలు మీ ఆల్బమ్‌లో మీరు తీయలేనివి.

రాత్రి గదికి చేరాక కార్డులోని ఫోటోల్ని లాప్‌టాప్‌లోకో ఫోన్‌లోకో కాపీ చేసుకోండి, కార్డులోవి మాత్రం ఇంటికి వెళ్లేదాకా చెరపకండి. బ్యాటరీలు ఛార్జింగ్‌లో పెట్టండి. తిరుగు ప్రయాణంలో కెమెరా, లెన్సులు చేతి సామానులోనే రావాలి. విడి లిథియం బ్యాటరీలను విమానంలో చెకిన్ సామానులో పెట్టనివ్వరు, వాటినీ మీ వెంటే ఉంచుకోండి. అద్దె లెన్సు తిరిగి పంపాల్సిన తేదీని ఫోన్‌లో అలారంగా పెట్టుకోండి, ఆలస్యమైతే రోజుకింత చొప్పున అదనంగా కట్టాల్సి వస్తుంది.